అత్తగారి ఒక్క టికెట్టు

విమానం టికెట్లు అమ్ముకుని బతికేదాన్ని కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ గొడవంతా నా నోటి దురద వల్లే వచ్చింది.

చెప్పుల దుకాణం పైన మొదటి అంతస్తులో నా ఆఫీసు. ఆఫీసంటే ఒక బల్ల, రెండు కంప్యూటరు తెరలు, రోజూ మొరాయించే ప్రింటరు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి గోడవారన ఒక బెంచీ. పద్దెనిమిదేళ్ళుగా ఆ బల్ల వెనక కూర్చుని జనానికి సీట్లు అమ్ముతున్నాను. ఒకే విమానం, ఒకే వరస, పక్కపక్క సీట్లు. ఒకాయన ఐదు వేలిచ్చి కూర్చుంటాడు, ఆ పక్కాయన తొమ్మిది వేలిచ్చి కూర్చుంటాడు. ఇద్దరికీ దొరికేది మోకాళ్ళు ఇరుక్కునే ఆ సీటే. ఇదేం అన్యాయమండీ అని నామీద ఎగిరేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఆ రేటు నేను పెట్టలేదు, నన్ను తిట్టకండి.

ఒక సోమవారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే మా అత్తగారు గుమ్మం దాకా వచ్చారు.

"అమ్మాయ్, నాకో టికెట్టు కావాలి. ఒక్కటే" అన్నారు.

ఎక్కడికని అడక్కర్లేదు. ట్రంకాల్ దగ్గరికి.

ట్రంకాల్ అంటే పై ఊరికి చేసే ఫోను కాదు, మనిషే. మా అత్తగారు వయసులో ఉన్నప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. పక్క స్టూలు మీద కూర్చునే ఆవిడది ఎంత పెద్ద గొంతంటే, ఆవిడ మాట్లాడితే తీగ అవసరం లేకుండానే అవతలి ఊరికి వినపడుతుందని సూపర్‌వైజరు ఆ పేరు పెట్టాడట. అసలు పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. రిటైరయ్యాక సముద్రం పక్క ఊళ్ళో చిన్న ఫ్లాటు కొనుక్కుని అక్కడే ఉంటున్నారావిడ. స్నేహితురాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పదహారేళ్ళు. వారానికి రెండుసార్లు మాత్రం ఫోను తప్పేది కాదు. ఇప్పుడా ఫోనుకే ఎసరొచ్చింది. ట్రంకాల్‌కి చెవులు పోతున్నాయి. ఫోన్లో ఏం చెప్పినా "ఆ? ఆ?" అంటున్నారు. ఎదురుగా కూర్చుని అరిస్తే కొంచెం అందుతుందట. ఆ కొంచెం కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడట డాక్టరు.

"దానికి కాస్తయినా వినపడుతుండగానే వెళ్ళి రావాలి. మూడ్రోజులు చాలు. ఒక్కదాన్నే వెళ్తాను" అన్నారు అత్తగారు. ఆ 'ఒక్క' అన్న మాట మీద గట్టిగానే నొక్కారు. విన్నాను గానీ చెవిన పెట్టలేదు.

ఆఫీసుకెళ్ళి చూశాను. వచ్చే బుధవారం వెళ్ళి శుక్రవారం తిరిగొచ్చేట్టు, ఒక మనిషికి ఎనిమిది వేల రెండొందలు. అలవాటు ప్రకారం ఇద్దరికని నొక్కి చూశాను. మనిషికి ఐదు వేల తొమ్మిదొందలు! అదే విమానం, అదే గంట. నాకిది కొత్త కాదు. ఒంటరిగా, రెండ్రోజుల కోసం వెళ్ళేవాడు పనిమీద వెళ్తున్నాడని, డబ్బు కంపెనీ కడుతుందని ఆ మిషను లెక్క. ఇద్దరు కలిసి వెళ్తే సరదాకి వెళ్తున్నట్టు, రేటు చూసి వెనక్కి తగ్గుతారేమోనని కాస్త తగ్గిస్తుంది. డ్రిల్లింగ్ మిషన్లు అమ్మే ఒకాయన నెలకి మూడుసార్లు నా దగ్గర టికెట్టు కొంటాడు, ఎప్పుడూ రేటు అడగడు. ఆ మిషను దృష్టిలో డెబ్భై ఒక్కేళ్ళ మా అత్తగారూ, ఆయనా ఒకటే.

సాయంత్రం కూర తరుగుతూ ఈ వింత మా ఆయనకి చెప్పాను. అక్కడే కొంప మునిగింది.

"ఇద్దరైతే తలకి ఐదు వేల తొమ్మిదొందలేనా?" మా ఆయన పేపరు పక్కన పడేశాడు. "మరైతే నేనూ వెళ్తాను. అమ్మ టికెట్టులో రెండు వేల మూడొందలు మిగులుతుంది కదా!"

"మీ టికెట్టుకి ఐదు వేల తొమ్మిదొందలు అవుతుంది కదా!"

"అది వేరు. నేను చెప్పేది తలకి."

బ్యాంకులో పనిచేస్తాడు మా ఆయన. ఆ బ్యాంకు ఇంకా ఎలా నడుస్తోందో నాకు తెలీదు.

ఆయన వెంటనే వాళ్ళక్కకి ఫోన్ చేశాడు. మా ఆడపడుచుకి సముద్రం పేరు వినపడితే చాలు, మొగుణ్ణి కూడా అడగదు. "మా ఇద్దరికీ వేసెయ్" అంది. నలుగురైనా తలకి రేటు మారలేదు. తర్వాత మా మరిది ఫోన్. "ఏంటి వదినా, అందర్నీ పిలిచి మమ్మల్ని మర్చిపోయారు? మేమేం పాపం చేశాం?" అని నిష్ఠూరం. వాళ్ళిద్దరూ కలిశారు. అందరూ వెళ్తుంటే ఇంట్లో నేనొక్కదాన్నే కూర్చుని ఏం చెయ్యను? నిజం చెప్పాలంటే నాకూ ఆశ పుట్టింది. ఏడుగురం.

మర్నాడు ఏడుగురికని కొట్టాను. తలకి ఏడు వేల వంద అయి కూర్చుంది. ఆ చవక రేటులో మిగిలినవి ఆరు సీట్లే. ఏడో మనిషి చేరగానే మిషను ఆరుగురినీ లాక్కెళ్ళి పై రేటులో పడేస్తుంది. ఈ సంగతి ఫోన్లో చెప్పేసరికి ఇంట్లో యుద్ధం మొదలైంది. ఆ ఏడో మనిషి ఎవరని. మా మరిది భార్య నా పేరు చెప్పింది, నేను మా ఆడపడుచు మొగుడి పేరు చెప్పాను. ఆయన పాపం చల్లగా జారుకోబోయాడు గానీ ఆవిడ జారుకోనివ్వలేదు.

"నువ్వే చెప్పావుగా, పదిమంది అయితే గ్రూపు రేటు వేరే ఉంటుందని" అంది ఆడపడుచు నాతో. "మా మరిదిని, తోడికోడల్ని, మా అత్తగార్ని కలిపేద్దాం. సరిగ్గా పది."

ఎప్పుడో చెప్పినమాట, ఎలా గుర్తుపెట్టుకుందో. గ్రూపు టికెట్లు తెర మీద దొరకవు. విమానం కంపెనీలో గ్రూపుల విభాగానికి రాసి అడగాలి. అక్కడ ఒక తీయని గొంతాయన ఉంటాడు. రెండు రోజులు ఆయన వెంటపడి, బతిమాలి, కాస్త బెదిరించి, తలకి ఐదు వేల ఐదొందలు రాబట్టాను. పది సీట్లు గురువారం సాయంత్రం ఐదింటి దాకా అట్టిపెడతానని, ఆలోగా డబ్బు కట్టి పేర్లు ఇవ్వాలని ఆయన షరతు. ఎనిమిది వేల రెండొందల ఖర్చుని తగ్గించబోయి యాభై ఐదు వేలకి తెచ్చామని నాకు అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. పద్దెనిమిదేళ్ళలో నాకు అంత మంచి గ్రూపు రేటు ఎప్పుడూ పడలేదు. గాల్లో తేలుతూ ఇంటికెళ్ళాను.

"అత్తయ్యా, పదిమందిమి వెళ్తున్నాం! హోటలు కూడా చూసేశాను. ట్రంకాల్ అత్తయ్యగారింటికి ఒక పూట అందరం వెళ్ళొద్దాం" అన్నాను.

ఆవిడ బట్టలు మడతపెడుతున్నారు. తలెత్తలేదు.

"మీ ఇష్టం" అన్నారు.

"చూశావా, అమ్మకి సంతోషమే" అన్నాడు మా ఆయన.

పాతికేళ్ళుగా కోడలిగా ఉన్నదాన్ని. అత్తగారు "మీ ఇష్టం" అంటే అర్థమేమిటో నాకు తెలీదా? బాగా తెలుసు. తెలిసి కూడా ఆ రోజు తెలీనట్టు ఊరుకున్నాను. ఇప్పటికీ తల్చుకుంటే నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకి ఆఫీసులో రద్దీగా ఉంది. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి బల్ల ముందు కూర్చుని కిటికీ సీటు ఎవరికని పోట్లాడుకుంటున్నారు. వాళ్ళని పంపించి తలెత్తి చూస్తే, బెంచీ మీద డ్రిల్లింగ్ మిషన్లాయన పక్కన మా అత్తగారు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, డాక్టరు దగ్గర వంతు కోసం ఆగినట్టు కూర్చున్నారు.

"అత్తయ్యా! మీరేంటి ఇక్కడ?"

"ముందు ఆయన పని కానీ. ఆయన నాకన్నా ముందొచ్చారు" అన్నారావిడ.

ఆయన పేరు రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారికి టికెట్టు ఇచ్చాను. ఆయన వెళ్ళాక అత్తగారు లేచి వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ నా ఆఫీసు మెట్లెక్కడం అదే మొదటిసారి.

"ఏమండీ, ఒక టికెట్టు కావాలి" అన్నారు.

"నన్ను ఏమండీ అంటారేమిటి అత్తయ్యా?"

"ఇంట్లో కోడల్ని అడిగితే పది కొంది. అందుకని కొట్లోకి వచ్చాను."

నాకు నవ్వూ వచ్చింది, మొహం చెల్లకుండానూ పోయింది. "ఒక్కరూ ఎలా వెళ్తారని అందరం..." అని ఏదో నసిగాను.

"ఇలా చూడు అమ్మాయ్. ఎక్స్ఛేంజిలో మా పనేమిటో తెలుసా? పొద్దుటి నుంచి సాయంత్రం దాకా 'నంబరు చెప్పండి, లైన్లో ఉండండి, మాట్లాడండి'. అండీ, అండీ, అండీ. అవతలివాడు తాగి తిట్టినా అండీ అనాల్సిందే. లైను కాస్త ఖాళీ అవగానే ట్రంకాల్ హెడ్‌సెట్టు పక్కకి లాగి 'ఒసేయ్' అనేది. అంతే. నవ్వొచ్చేది మాకు. ఏమీ లేకపోయినా నవ్వొచ్చేది. ఇద్దరికీ జీతం కోసేవాడు సూపర్‌వైజరు."

"అయితే?"

"నన్ను 'ఒసేయ్' అని పిలిచేవాళ్ళు ఇంకెవరున్నారే? మా అమ్మ పోయింది, అక్క పోయింది. మీ మామగారు 'ఏమోయ్' అనేవారు, ఆయనా పోయారు. నువ్వు మీరంటావు, కూరలబ్బాయి అమ్మగారంటాడు."

"పిల్లలు నువ్వనే అంటారుగా" అన్నాను. వాదించే అలవాటు ఎక్కడికి పోతుంది?

"ముందు 'అమ్మా' అని తగిలించి అంటారు. అమ్మా, మందులేసుకున్నావా? అమ్మా, మెట్లు జాగ్రత్త. అది పిలుపు కాదమ్మాయ్, కాపలా." ఆవిడ సంచీ సర్దుకున్నారు. "మీరు తొమ్మిదిమంది నా చుట్టూ కూర్చుంటే అది నన్ను ఒసేయ్ అంటుందా? మర్యాదస్తురాలు. 'రండి వదినగారూ, కూర్చోండి వదినగారూ, ప్రయాణం బాగా జరిగిందా' అంటుంది. విమానమెక్కి అంత దూరం పోయి కూడా అండీ అనిపించుకోనా నేను? దాని చెవులకి మిగిలిందే కాస్త. ఆ కాస్తా మీ కుశలప్రశ్నలకి ఖర్చయిపోతే నా మాట ఎప్పుడు వింటుంది?"

నాకు ఏడుపొచ్చింది. బల్ల మీద కాగితాలు అటూ ఇటూ జరిపాను. గ్రూపు రేటు, గ్రూపు రేటు అని నాలుగు రోజుల్నుంచి ఊగిపోయాను గానీ, ఈ మనిషి ఎందుకు ఒక్కదాన్నే వెళ్తానంటోందని ఒక్క నిమిషం ఆలోచించలేదు.

"ఎక్కువైతే ఎక్కువే. ఎనిమిది వేల రెండొందలూ నా పెన్షన్లోంచి ఇస్తాను" అన్నారావిడ, సంచీ జిప్పు లాగుతూ.

"ఉండండి" అన్నాను. ఇప్పుడు నా వృత్తి నాకు గుర్తొచ్చింది. "మూడ్రోజులకి తిరిగొచ్చెయ్యాలని ఎవరన్నారు?"

"మీ ఆయన. ముసలివాళ్ళింట్లో అంతకన్నా ఎందుకన్నాడు."

"మీకు ఎన్నాళ్ళుండాలని ఉంది?"

ఆవిడ కిటికీ వైపు చూశారు. జీవితంలో ఎవరూ అడగని ప్రశ్న అడిగానేమో, లాగిన జిప్పు మళ్ళీ మూసేశారు. "పది రోజులుంటే ఎక్కువా?" అన్నారు, మెల్లిగా.

మంగళవారం వెళ్ళి ఆ పై వారం శుక్రవారం వచ్చేట్టు కొట్టాను. నా అనుమానం నిజమే. పనిమీద వెళ్ళేవాడు శనాదివారాలకి ఇంటికొచ్చేస్తాడు. ఒంటరి మనిషి మధ్యలో ఒక ఆదివారం గడిపి, అన్ని రోజులు ఉండి వస్తుంటే వీడు కంపెనీ డబ్బుతో తిరిగేవాడు కాడని మిషనుకి నమ్మకం కలుగుతుంది. తెర మీద అంకె మారింది. ఐదు వేల మూడొందలు.

"తగ్గిందా?" అన్నారు అత్తగారు. "ఎందుకు తగ్గింది?"

"మీరు పనిమీద కాదు, సరదాకి వెళ్తున్నారని ఆ మిషను ఇప్పుడు నమ్మింది."

"సరదాకేగా వెళ్ళేది!" అని ఆవిడ పైకే నవ్వారు.

టికెట్టు కొట్టి చేతిలో పెట్టాను. డబ్బు ఇస్తానంటే తీసుకున్నాను కూడా. తీసుకోకపోతే అది కోడలు కొన్న టికెట్టు అవుతుంది. తర్వాత గ్రూపుల విభాగంలో తీయని గొంతాయనకి ఫోన్ చేసి పది సీట్లూ వదిలెయ్యమన్నాను. ఆయన గొంతులో తీపి ఒక్క క్షణంలో ఇగిరిపోయింది.

సాయంత్రం ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. 'ఒసేయ్' సంగతి మాత్రం బయటపెట్టలేదు. అది ఆవిడ సొంత విషయం.

"అమ్మ ఒక్కతే ఎలా వెళ్తుంది? ఎవరికి ఎంత మిగిలినా, మనిషి తోడుండాలా వద్దా?" అన్నాడు మా ఆయన.

"తలకి ఎంతని కదా మీరడిగేది? గ్రూపు రేటు తలకి ఐదు వేల ఐదొందలు. అత్తయ్య ఒక్కరూ వెళ్తే తలకి ఐదు వేల మూడొందలు. ఇంతకన్నా చవక లేదు. మీ పద్ధతిలోనే చెప్తున్నాను" అన్నాను.

ఆయన చాలాసేపు వేళ్ళు మడిచాడు. ఎక్కడో తప్పుందని తెలుస్తోంది, ఎక్కడో తెలీటం లేదు. పైగా అది ఆయన కనిపెట్టిన లెక్కే. ఆడపడుచు కొత్త సూట్‌కేసు కొనేసుకుందట, మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం నాకు హాయిగా గడిచింది. అత్తగారు మాత్రం అక్కడే కూర్చుని, నెమ్మదిగా కళ్ళజోడు తుడుచుకుంటూ అంతా విన్నారు. ఈసారి "మీ ఇష్టం" అనలేదు. "మంగళవారం పొద్దున్నే ఆటో మాట్లాడు" అని కొడుక్కి చెప్పి లేచి వెళ్ళారు.

మంగళవారం ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్ళే గేటు దగ్గర మా ఆయన అప్పగింతలు మొదలుపెట్టాడు. మందులు, మఫ్లరు, ఫోను చార్జరు, దిగగానే ఫోను, ఇల్లు చేరగానే ఫోను. ఆవిడ అన్నిటికీ తలూపారు. గేటు దగ్గర కుర్రాడు "మీతో ఎవరండీ?" అని అడిగితే, "నేనే" అని చెప్పి, చక్రాల పెట్టె లాక్కుంటూ వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. మా ఆయన కాసేపు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

దిగగానే ఫోను రాలేదు. ఇల్లు చేరగానే కూడా రాలేదు. మధ్యాహ్నం మూడింటికి మా ఆయన బ్యాంకు నుంచి నేరుగా నా ఆఫీసుకి వచ్చేశాడు. "చెప్పానా, ఒక్కదాన్నే పంపొద్దని!" అని నామీద ఎగిరాడు. పైకి ధైర్యంగా ఉన్నా నాకూ భయంగానే ఉంది. ఏమైనా అయితే ఆ టికెట్టు కొట్టింది నా చేతులే. ఆవిడ నంబరుకి కొట్టి ఫోను బల్ల మీద పెట్టి, ఇద్దరికీ వినపడేట్టు స్పీకరు నొక్కాను.

చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. ఫోనుకి ఆరంగుళాల దూరంలో ఉన్న మేమిద్దరం ఉలిక్కిపడి వెనక్కి జరిగాం. అంత గొంతు.

"ఎవరూ? ఆ? మీరేం చెప్పినా దండగే, నాకు వినపడదు. పిచిక కోసమేనా? అది బాల్కనీలో ఉంది. నవ్వీ నవ్వీ కడుపు పట్టుకుని కూలబడింది. ఫోనెత్తే ఓపిక కూడా లేదు దానికి. ఉండండి... ఒసేయ్ పిచికా! నీకే! ఎవరో ఫోను!"

దూరం నుంచి ఇంకో గొంతు వినపడింది. సన్నగా, చురుగ్గా, పాతికేళ్ళలో మా ఇంట్లో ఒక్కసారి కూడా వినపడని గొంతు. ఊపిరాడనంతగా నవ్వుతోంది.

"పెట్టెయ్యవే బాబూ! తర్వాత చేసుకుంటార్లే!"

లైను కట్ అయింది. నాకు కళ్ళు చెమర్చాయి, నవ్వూ ఆగలేదు. మా ఆయన ఏమీ అర్థంకాక ఫోను వైపు చూశాడు, నావైపు చూశాడు.

"పిచికెవరు?" అన్నాడు.

"మీ అమ్మ" అన్నాను.